క్లే బార్‌కి బదులు మైదా ముద్ద పనికిరాదు

కారు కడిగి, ఆరాక, పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా తడిమి చూడండి. గరుకు తగిలితే అది షాంపూకి పోయే మురికి కాదు, పెయింటు పైనుండే క్లియర్ కోటుకి, అంటే రంగులేని పై పూతకి, కరుచుకుపోయిన రేణువులు. నెల్లూరు దగ్గర ముత్తుకూరు రోడ్డులో తిరిగే బండ్ల మీద కృష్ణపట్నం పోర్టు లారీల బొగ్గు పొడి ఉంటుంది. కొత్త రోడ్డు వేసేచోట తారు చుక్కలు చిందుతాయి. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను ఏ కారునీ వదలదు. సముద్రపు ఒడ్డునున్న మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఆ రజను త్వరగా తుప్పు పడుతుంది. తెల్ల కార్ల డిక్కీ మీద, డోర్ల కింది భాగంలో కనబడే గోధుమరంగు చుక్కలు చాలావరకు అవే. బండి రేకు తుప్పు పట్టిందని కంగారు పడక్కర్లేదు.

ఇలా కరుచుకున్న రేణువుల్ని తీసే ఈ ఒక్క పనికి క్లే బార్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. సాగే రెజిన్‌లో అతి సన్నని రాపిడి పొడి కలిపిన ముద్ద ఇది. తడి మీద జారుతూ, పైకి పొడుచుకొచ్చిన రేణువుని తెంపి తనలోకి లాక్కుంటుంది. గీతలు పోగొట్టడం, వెలిసిన రంగు తేవడం దీనివల్ల కాదు, అది పాలిష్ పని. మెగ్వయర్స్, మదర్స్, 3ఎం, వేవెక్స్ ఏది దొరికినా ఫైన్ గ్రేడే తీసుకోండి. హెవీ గ్రేడు పెయింటు మీద సన్నటి మసక వదులుతుంది. తర్వాత పాలిష్ మెషిన్ పట్టే ఉద్దేశం లేకపోతే దాని జోలికి పోవద్దు.

మరి ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టలేమా? క్లేకి బదులు దొరకదు, దాని చుట్టూ వాడే ద్రవాలకి మాత్రం దొరుకుతుంది. మైదా ముద్ద నీళ్లు తగలగానే జిగటగా విడిపోయి డోరు సందుల్లో చేరి ఎండుతుంది. రేణువుని పట్టి లాగే బిగువు దానికి లేదు. పిల్లలు బొమ్మలు చేసే రంగు ముద్దలో నూనె, సుద్దలాంటి పొడి ఉంటాయి కాబట్టి జిడ్డు చారలు మిగులుతాయి. టూత్‌పేస్టు ప్లాస్టిక్ హెడ్‌లైటు మసకని కొంత తగ్గిస్తుంది గానీ పెయింటు మీద వద్దు. అందులోని రాపిడి పొడి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా కోస్తుంది. క్లియర్ కోటు మందమే సుమారు 40 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవై ఐదో వంతు. చింతపండు ఇత్తడి బిందెకి బాగుంటుంది, కారుకి పీచు గీతలే మిగులుతాయి.

తారు చుక్కలకి కొబ్బరినూనె మంచి మందు. దూదితో అద్ది పది నిమిషాలు నాననిచ్చి తుడిచి, షాంపూతో జిడ్డు తీసేయాలి. కిరోసిన్ ఇంకా త్వరగా కరిగిస్తుంది గానీ రబ్బరు బీడింగుని పాడుచేస్తుంది, నిప్పు భయం వేరే. బోరు నీళ్ల తెల్ల మరకలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, చల్లగా ఉన్న రేకు మీద ఒక నిమిషం ఉంచి కడగాలి. అల్యూమినియం భాగాలకి తగలనీయకండి. నెలల తరబడి ఎండలో కాలి క్లియర్ కోటుని తినేసిన మరక మాత్రం వెనిగర్‌కీ పోదు, క్లేకీ పోదు. ఇనుప రజనుకి ఇంట్లో మందు లేదు, దాన్ని కరిగించే ఐరన్ రిమూవర్ అనే ద్రవం కొనాల్సిందే. కొట్టిన కొద్ది నిమిషాల్లో చుక్కలు ఊదారంగుకి మారి కారతాయి. వాసన ఘోరంగా ఉంటుంది. ఆరకముందే కడిగేస్తే క్లేకి పని చాలా తగ్గుతుంది.

క్లే జారడానికి పెయింటు మీద చల్లే ద్రవం కోసం వేరే డబ్బా కొనక్కర్లేదు. లీటరు ఆర్‌ఓ క్యాన్ నీళ్లలో రెండు చెంచాలు, అంటే 10 మి.లీ. కారు షాంపూ కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే చాలు. బోరు నీళ్లు వాడితే పని మధ్యలోనే తెల్లమరకలు కడతాయి. గిన్నెలు తోమే ద్రవం వ్యాక్స్‌ని లాగేస్తుంది, జారుడూ తక్కువ.

100 గ్రాముల బార్‌ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కని మూడు వేళ్ల వెడల్పు బిళ్లగా నొక్కండి. రెండడుగుల చదరం భాగాన్ని బాగా తడిపి, వేళ్ల బరువు తప్ప ఒత్తిడి పెట్టకుండా, అటూ ఇటూ నిలువుగా, అడ్డంగా నడపండి. గుండ్రంగా తిప్పితే పడే గీతలు ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి. మొదట్లో వచ్చే కరకర శబ్దం తగ్గి ముద్ద నున్నగా జారితే అక్కడ పని అయినట్టే. ముద్ద పట్టుకున్నట్టు ఆగితే తడి చాలలేదని అర్థం. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ముద్దని మడిచి కొత్త ముఖం పైకి తెచ్చుకుని ముందుకెళ్లండి. రూఫ్, బానెట్ మొదట చేయండి, డోర్ల కింది భాగం చివర. నేల మీద పడ్డ ముక్కని కడిగి వాడాలని చూడకండి, పారేయండి. అందుకే ముందే నాలుగు ముక్కలు చేయమన్నది.

మన ఎండలకి సమయం ముఖ్యం. వేసవిలో ఉదయం ఎనిమిది దాటితే రేకు వేడెక్కి తడి ఆరిపోతుంది, ముద్ద మెత్తబడి పెయింటుకి అంటుకుంటుంది. గ్రానైట్ క్వారీలుండే చీమకుర్తి చుట్టుపక్కల కార్లకి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. గ్రానైట్ పొడి కరుచుకుపోయేది కాదు, పైన కూర్చునేది. పైగా క్లియర్ కోటు కంటే గట్టిది. దాన్ని ధారగా నీళ్లు కొట్టి, షాంపూతో రెండుసార్లు కడిగి పూర్తిగా వదిలించాకే క్లే పట్టాలి. లేకపోతే ముద్ద గరుకు కాగితంలా గీకేస్తుంది. టింకరింగ్ తర్వాత కొత్తగా పెయింటు వేయించిన భాగాన్ని రెండు మూడు నెలలు ముట్టుకోవద్దు. మెరుపు లేని మ్యాట్ పెయింటుకి అసలే వద్దు.

పెద్ద బండ్లకి క్లే మిట్ అనే రబ్బరు పూత చేతితొడుగు వస్తుంది. పని త్వరగా అవుతుంది, కింద పడితే కడిగి వాడుకోవచ్చు, కానీ బార్ కంటే మసక ఎక్కువ వదులుతుంది. తెల్ల, వెండి రంగు కార్లకి పరవాలేదు. నల్ల కారుకి ఫైన్ బారే మంచిది. ఏది వాడినా పాత వ్యాక్స్ పోతుంది కాబట్టి అదే రోజు కొత్త వ్యాక్స్ లేదా సీలెంటు (వ్యాక్స్‌కి బదులు వేసే రక్షణ పూత) వేయాలి. ఏడాదికి రెండుసార్లు మించి క్లే అవసరం రాదు. ఆ కవరు పరీక్షలో గరుకు తగలకపోతే ఆ రెండోసారి కూడా వద్దు.