పెట్టె మీద ట్రౌట్, నీళ్ళలో జిలేబి: ఒక ఫిషింగ్ సెట్ రివ్యూ

పెట్టె మీద మంచుకొండ, వాగు, ఒంటి నిండా చుక్కలున్న చేప బొమ్మ. కింద ‘ట్రౌట్ స్పెషల్’ అని ఉంది. విజయనగరంలో ఉండేవాడికి ట్రౌటేంటి అని మా ఆవిడ కూడా అడిగింది. ఆ చేపకి చల్లటి నీళ్ళు కావాలి, 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. అందుకే కాశ్మీర్, హిమాచల్, ఊటీ, మున్నార్ లాంటి చోట్లకే వెళ్ళి పట్టాలి. అయినా కొన్నాను, నాకు నచ్చింది అందులోని రాడ్డు తేలిగ్గా ఉండటం. ఆరడుగుల రాడ్డు, రెండు ముక్కలు, బండి మీద పెట్టుకుపోవచ్చు. చిన్న రీలు, దారం, డబ్బాడు రేకు గేలాలు కలిపి 2,400 రూపాయలు. కంపెనీ పేరు ఎందుకులెండి, ఇదే సామాను నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు.

సంక్రాంతి హడావుడి అయ్యాక తోడల్లుడితో కలిసి తాటిపూడి వెళ్ళాను. గోస్తనీ మీద కట్టిన రిజర్వాయరు, విశాఖకి తాగునీళ్ళు ఇక్కడి నుంచి కూడా వెళ్తాయి. అందుకని గట్టు మీద కాకుండా, తెలిసినవాళ్ళ మామిడితోటలో టెంటు వేసుకున్నాం. టెంటు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, తెల్లారేసరికి మంచుకి లోపల కూడా తడిసింది. గేలం వేసే ముందు అక్కడ వలలు వేసుకునేవాళ్ళని అడిగాం. వాళ్ళలో ఒక పెద్దాయన రాడ్డు అందుకుని ఊపి చూశారు. “ఇదేటి బాబూ, చీపురుపుల్లలాగున్నాది? కిలో చేప తగిల్తే ఇరిగిపోదేటి?” అన్నారు.

విరగలేదు. ఈ సెట్టులో డబ్బుకి తగ్గ వస్తువు ఆ రాడ్డే. చిన్న గేలానికి వానపాము గుచ్చి వేస్తే, జిలేబి చేప (తిలాపియా) ఎరని మూతితో తాకినా కొస దగ్గర తెలిసిపోతుంది. అరచేయంత జిలేబి కూడా రాడ్డుని సగం దాకా వంచుతుంది. వెదురు గెడతో ఆ సరదా రాదు. గోధుమపిండి ముద్దకి ఒక బొచ్చె తగిలింది, కిలో పైనే ఉంటుంది. రీలు ముందున్న డ్రాగ్ బిరడా వదులుగా పెట్టుకున్నాను కాబట్టి, అది లాగినప్పుడల్లా దారం గర్రుమని జారింది, ఆగినప్పుడు చుట్టుకున్నాను. బిగించి పెడితే మాత్రం పెద్దాయన మాటే నిజమయ్యేది. రాడ్డు మీద 4 నుంచి 8 పౌన్ల (తెగకుండా ఆపే బరువు) దారం అని రాసుంది, అంతకంటే మందం దారం ఎక్కించకండి. సెట్టుతో వచ్చిన దారం స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంది. దాన్ని పారేసి గంటస్తంభం దగ్గర 0.22 మిల్లీమీటర్ల టంగూసు కొని వేసుకున్నాను.

ఇక రేకు గేలాలు. నీళ్ళలో లాగుతుంటే రేకు గిరగిరా తిరిగి చిన్న చేపలా మెరవాలి. పారే వాగులో ఆ నీటి ఊపే సగం తిప్పుతుంది. మన నిలవ నీళ్ళలో మనమే గబగబా చుట్టాలి, మెల్లగా చుడితే రాయిలా కిందకి పోతుంది. పైగా ఒక్కోదానికి మూడు కొక్కేలు. ఒడ్డు పొడుగునా నాచు, వేసిన ప్రతిసారీ చేపకి బదులు పిడికెడు నాచు వచ్చేది. రెండు కొక్కేలు కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించేశాక కొంత నయం. తూడు పక్కన లాగితే కొర్రమీను ఒకటి ఒక్క దూకు దూకి మింగింది. వానల్లో మాత్రం ఈ పని చేయకండి. అప్పుడు కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపుని కాచుకుని ఉంటుంది, దగ్గరికి ఏది వచ్చినా కరుస్తుంది. తల్లిని లాగేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

నాకు కోపం వచ్చింది రీలు మీద. మోటార్లు వైండింగ్ చేసే పని నాది, ఇంటికొచ్చాక విప్పకుండా ఉండలేను కదా. పెట్టె మీద ఆరు బేరింగులు అని రాశారు. లోపల ఉన్నవి రెండే, మిగతా చోట్ల ప్లాస్టిక్ బుష్‌లు. గ్రీజు ఒక పక్క ముద్దగా ఉంది, రెండో పక్క అసలు లేదు. బొచ్చెని లాగుతున్నప్పుడే హ్యాండిల్ పిన్ను ఊగడం మొదలైంది, రెండో రోజుకి ఊడింది. అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపితే ‘చేప లాగినందువల్ల వచ్చిన రిపేరుకి వారంటీ వర్తించదు’ అని జవాబిచ్చారు. రీలు కొనేది మరి దేనికో వాళ్ళే చెప్పాలి.

కొనాలనుకుంటే రాడ్డు ఒక్కటే విడిగా 1,100కి దొరుకుతోంది, రీలు వేరే చూసుకోండి. సెట్టే కొంటే ముందు రీలు విప్పి గ్రీజు పెట్టించండి. దీన్ని చింతపల్లి బీచ్‌కి పట్టుకెళ్ళకండి, ఉప్పునీటికి ఆ గేర్లు ఎన్నాళ్ళో ఆగవు. ఊడిన పిన్నుకి బదులు నాకు తెలిసిన లేతు షాపులో స్టీలుది చేయించాను. నలభై రూపాయలు తీసుకున్నాడు, నేను వారంటీ అడగలేదు.