కోవళంలో సర్ఫింగ్ క్లాస్: ఒక్కదాన్నే వెళ్లొచ్చిన వీకెండ్ రివ్యూ

వరంగల్, హన్మకొండ వైపు వాళ్లకు సముద్రం అంటే బాపట్ల సూర్యలంక, లేదంటే వైజాగ్. అదీ రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లి, మోకాళ్ల లోతు దాకా దిగి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. నాకేమో ఎప్పటినుంచో ఆ అలల మీద బోర్డేసుకుని నిలబడాలని కోరిక. తోడు వస్తామన్నవాళ్లందరికీ లీవులు కుదిరేదాకా ఆగితే ఈ జన్మకు కాదని, ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. ముందే చెప్తున్నా, క్లాసుకు ఐదుకు ఐదు, ఊరికి నాలుగు, నేను దిగిన రూముకు రెండు.

ఇది కేరళలో ఉన్న కోవళం కాదు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, చెన్నైకి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మత్స్యకారుల ఊరు. రూమ్ బుక్ చేసేటప్పుడు తమిళనాడు అని చూసుకుని మరీ బుక్ చేయండి. వరంగల్‌లో రాత్రి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే చెన్నై సెంట్రల్‌లో దిగుతాం. స్టేషన్ దగ్గర్లోనే పార్క్ టౌన్ ఉంది, అక్కడ లోకల్ ట్రైన్ ఎక్కి తిరువాన్మియూర్‌లో దిగి, మహాబలిపురం వైపు వెళ్లే బస్సు పట్టుకున్నాను. క్యాబ్‌తో పోలిస్తే చాలా తక్కువలో అయిపోయింది. అమ్మ మాత్రం బస్సు దిగేదాకా ఫోన్ చేస్తూనే ఉంది, ఒక్కదానివే సముద్రంలోకి ఏంటే అని ఆమె టెన్షన్ ఆమెది.

ఇక క్లాస్ గురించి. ఇక్కడ సర్ఫింగ్ నేర్పేవాళ్లలో చాలామంది ఆ ఊరి మత్స్యకార కుటుంబాల పిల్లలే. మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు తనంతట తాను నేర్చుకుని ఊళ్లో పిల్లలకు నేర్పడంతో ఇక్కడ సర్ఫింగ్ మొదలైంది, 2012లో సర్ఫ్ స్కూల్ కూడా వచ్చింది. నాకు నేర్పిన అన్న పుట్టినప్పటినుంచి ఆ నీళ్లలోనే ఉన్న మనిషి, అది అతను సముద్రం వైపు చూసే తీరులోనే తెలిసిపోతుంది. ముందు ఇసుకలో బోర్డు ఆకారం గీసి, దాని మీద బోర్లా పడుకోబెట్టి, చేతులతో నీళ్లు తోయడం, రెండు చేతులూ పక్కటెముకల దగ్గర ఆనించి ఒక్క ఊపున లేచి నిలబడటం మళ్లీ మళ్లీ చేయించాడు. ఏ కాలు ముందుకు పెట్టాలో తెలియడానికి వెనక నుంచి మెల్లగా నెట్టి చూశాడు, తూలినప్పుడు ఏ కాలు ముందు పడితే అదే ముందు కాలు. బోర్డు తాడు వెనక కాలి మడమకు పైన కడతారు. పడ్డప్పుడు తల ముందుకు పెట్టి దూకొద్దని, నీళ్లలోంచి లేచేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోమని, బోర్డును ఎప్పుడూ మనకూ అలకూ మధ్యలో ఉంచొద్దని విసుగు లేకుండా చెప్పాడు. లోపలికి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డు పొడుగునా పక్కకు ఈదాలన్నది కూడా నీళ్లలో దిగకముందే నేర్పారు. నేను ఐదు మార్కులు వేసింది ముఖ్యంగా ఇందుకే.

నాకు ఈత వచ్చు, నర్సంపేట దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వ్యవసాయ బావిలో ట్యూబు కట్టుకుని నేర్చుకున్నదే. అది పనికొస్తుంది, ఊపిరి పట్టడం తెలుస్తుంది, ముక్కులోకి నీళ్లు పోయినా బుగులు పడం. కానీ బావి నీళ్లు కదలకుండా ఉంటాయి, ఇక్కడ నడుము లోతులో నిలబడ్డా కాళ్ల కింద ఇసుక జారిపోతూనే ఉంటుంది. మొదట నేర్చుకునేవాళ్లకు ఇచ్చేది మెత్తటి ఫోమ్ బోర్డు, పొడుగ్గా ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా తిరగబడదు. అన్న బోర్డు వెనక పట్టుకుని, తల తిప్పి అలలు చూస్తూ, ఇది వద్దు, ఇది వద్దు అని వదిలేస్తూ ఒకదానికి మాత్రం గట్టిగా నెట్టి అప్, అప్ అని అరుస్తాడు. అల విరిగాక వచ్చే తెల్ల నురుగు బోర్డును ముందుకు తోస్తుంది, ఆ క్షణంలో కిందికి చూశామా పడ్డట్టే, చూపు ఒడ్డు మీదే ఉండాలి. చాలాసార్లు పడ్డాను, మోకాళ్లు దోక్కుపోయాయి, ఆ తర్వాత ఒకసారి లేచి నిలబడి ఒడ్డు దాకా వచ్చేశాను, మస్తు సంతోషం అనిపించింది, గట్టిగా అరిచేశాను కూడా. గ్రూపుతో వెళ్లుంటే ఫొటోల గోలలో టైమంతా పోయేది, ఒక్కదాన్నే కాబట్టి దృష్టంతా నీళ్ల మీదే.

క్లాస్ పొద్దున్నే తీసుకోండి. అప్పుడు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, అలలు నున్నగా ఉంటాయి, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే నీళ్లన్నీ చిందరవందర. ఫీజు మన హన్మకొండలో నెల జిమ్ ఫీజుకు దగ్గర్లో ఉంటుంది, బోర్డు, రాష్‌గార్డ్ (ఒంటికి రాపిడి తగలకుండా వేసుకునే బిగుతు చొక్కా) అందులోనే కలిశాయో లేదో ముందే ఫోన్‌లో అడగండి. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది ఉందా అని కూడా అడగాలి, నేను వెళ్లిన స్కూల్లో శుభ్రంగానే ఉంది.

రూమ్ విషయానికొస్తే, ఫొటోల్లో సముద్రం కనిపించే బాల్కనీ ఉంది, ఇచ్చింది వెనక గోడకు ఎదురుగా ఉన్న గది. కుళాయిలో వచ్చేది ఉప్పునీళ్లే, సముద్రంలోంచి వచ్చి మళ్లీ ఉప్పునీళ్లతో స్నానం అంటే చిరాకేయదా? పొద్దున్నే చేరితే బ్యాగు కూడా పెట్టుకోనివ్వలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేముందు ఈ మూడూ మాట్లాడుకోండి.

తిండికి లోటు లేదు. మనం రవ్వ, బొచ్చె, కొర్రమీను లాంటి చెరువు చేపలు తిని పెరిగినవాళ్లం, పొద్దున పడవలో వచ్చిన వంజరం ముక్క పెనం మీద వేయించి వేడివేడిగా పెడితే రుచి వేరే. కారం మాత్రం మనకు సరిపోదు, అడిగి వేయించుకోవాలి. బీచ్‌కు 2021లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చేది) వచ్చింది, ఆ గుర్తింపు ఉన్న భాగం శుభ్రంగా ఉంది, పడవలు ఆగే వైపు మాత్రం చెత్త, వలల ముక్కలు. ఊరికి ఒక మార్కు తగ్గింది అందుకే.

సాయంత్రం ఖాళీ ఉంటే మహాబలిపురం 20 కిలోమీటర్ల లోపే. రామప్ప చూసి పెరిగిన కళ్లకు పంచరథాలు తప్పకుండా నచ్చుతాయి, ఒక్కో రథం ఒక్కో రాతిని తొలిచి చెక్కిందే. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు అక్కడే జరిగాయి, మన దేశపు సర్ఫర్ రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల టైం, కొత్తవాళ్లు అప్పుడు వెళ్లొద్దు. తిరుగు టికెట్ ముందే బుక్ చేసుకుని లోయర్ బెర్త్ దొరికేలా చూసుకోండి, చేతులతో నీళ్లు తోసి తోసి భుజాలు పైకి లేవవు, అప్పర్ బెర్త్ ఎక్కడం నిజంగా కష్టం.