ఆల్టర్నేటర్ వేయించమన్నారు, వేయించలేదు: మార్క్ టూ డైనమోతో నా అనుభవం

అంబాసిడర్ మార్క్ టూ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. వెడల్పాటి సీట్లు, బరువైన డోర్లు, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు అందరికీ తెలిసినవే. నేను రాసేది బానెట్ కింద ఫ్యాన్ బెల్టుతో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో గురించి. 1968 బండికి ఇంకా డైనమోనే ఉంచానంటే విజయవాడ ఆటోనగర్‌లో జాలిగా చూస్తారు. తర్వాతి బండ్లలో ఆ పని ఆల్టర్నేటర్ చేస్తుంది. "ఆల్టర్నేటర్ పెట్టించేయండి సార్, టెన్షన్ ఉండదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! నాకేమో ఈ బండి మొత్తంలో ముద్దొచ్చే సామాను ఆ డైనమోనే. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో డ్యాష్‌బోర్డు మీది ఎర్ర లైటు చెబుతుంది. దాని మాట అర్థం చేసుకునే ఓపిక మనకుండాలి, అంతే.

పోయినసారి పెయింట్ వేయించి తెచ్చాక ఆ లైటు వింత వేషాలు మొదలుపెట్టింది. తాళం తిప్పగానే వెలిగింది, సరే. ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కాస్త నొక్కితే ఆరింది, అదీ సరే. ఇంకాస్త నొక్కితే మళ్లీ వెలిగింది! బందరు రోడ్డెక్కి స్పీడు పెంచేకొద్దీ లైటు కాంతి కూడా పెరుగుతోంది. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజన్ మూలిగి ఊరుకుంది. బ్యాటరీ డౌన్.

పిలిచిన ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి, డైనమోకి చెయ్యి కూడా ఆనించకుండా "ఆర్మేచర్ కాలిపోయింది సార్" అన్నాడు. ఆర్మేచరంటే డైనమో లోపల తిరిగే తీగచుట్ట. ఆ వెంటనే ఆల్టర్నేటర్ రేటు కూడా చెప్పాడు. ఆలోచించి చెబుతానని పంపించేసి, లూకాస్ కంపెనీ కరెంటు సామాను పని తెలిసిన ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒకటే. "లైటు మసగ్గా వెలుగుతోందా బాబూ, స్పీడుతో పాటు పెరుగుతోందా?" పెరుగుతోందన్నాను. "అయితే డైనమో బాగానే ఉండుంటుంది. ముందు దాన్ని విడిగా చూసుకో" అన్నారు.

విడిగా చూడటం పెద్ద పనేమీ కాదు. డైనమో వెనక పెద్ద టెర్మినల్ డి, చిన్నది ఎఫ్. రెండిటి వైర్లూ పీకేసి, టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో ఒకదానికొకటి కలపాలి. అక్కడి నుంచి బాడీకి వోల్ట్ మీటర్ పెట్టి, ఇంజన్‌ని మెల్లగా వెయ్యి ఆర్పీఎం దాకా తేవాలి. ముల్లు ఎక్కడా ఆగకుండా 20 వోల్టుల దాకా లేస్తే డైనమో ఆరోగ్యంగా ఉన్నట్టే. అసలు కదలకపోతే ముందు ఆర్మేచర్‌కి రాసుకునే కార్బన్లు (బ్రష్‌లు) చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఉండిపోతే చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్ మీద, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్ మీద అనుమానం. ఈ టెస్టులో ఇంజన్ రేజ్ చేయకూడదు. అడ్డుకునేది లేక వోల్టేజీ పైపైకి పోతుంది. మీటర్ పాత ముల్లు రకమైతే మంచిది, డిజిటల్‌వి ప్లగ్గుల స్పార్కుకి పిచ్చి అంకెలు చూపిస్తాయి. నా డైనమో ముల్లు జంకు లేకుండా ఇరవై అందుకుంది.

ఇక మిగిలింది కటౌట్ డబ్బా. అందులో డైనమోని బ్యాటరీకి కలిపే కటౌట్ స్విచ్చు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ ఉంటాయి. ఎర్ర లైటుకి సొంతంగా ఎర్త్, అంటే బాడీకి కనెక్షన్, ఉండదు. ఒక కొస తాళం మీదుగా బ్యాటరీకి, ఇంకో కొస డైనమో డి వైపుకి వెళ్తాయి. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే ఆరుతుంది. డైనమో తక్కువ ఇచ్చినా వెలుగుతుంది, బ్యాటరీని మించి ఇచ్చినా వెలుగుతుంది. నాది రెండో రకం: డైనమో బోలెడు కరెంటు పుట్టిస్తోంది, అది బ్యాటరీ దాకా చేరడం లేదు. డబ్బా అడుగు కరెంటు పారని బేకలైటు కాబట్టి దానంతట దానికి ఎర్త్ రాదు, 'ఈ' (E) అక్షరం ఉన్న టెర్మినల్ నుంచి బాడీకి వచ్చే నల్ల వైరే ఆధారం. పెయింటు కుర్రాళ్లు ఆ వైరు కొసని కొత్త పెయింటు మీదే స్క్రూ వేసి బిగించారు. ఎర్త్ లేక లోపలి రెండు కాయిళ్లూ పడుకున్నాయి. కటౌట్ మూసుకోదు, రెగ్యులేటర్ పట్టి ఉంచదు. అలాగే ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే ఫీల్డ్ కాయిల్ నిజంగానే కాలేది, ఎలక్ట్రీషియన్ మాట నెగ్గేది!

బ్యాటరీ వైరు తీసి, ఉప్పు కాగితంతో ఆ చోట ఇనుము మెరిసేదాకా గీకి, వైరు బిగించాను. ఖర్చు ఉప్పు కాగితం. తర్వాత కటౌట్ పాయింట్ల మధ్య కాగితం ముక్క పెట్టి చూస్తే రెగ్యులేటర్ 16 వోల్టుల దగ్గర చక్కగా నిలబెట్టింది. సెట్టింగ్ స్క్రూల జోలికి పోలేదు.

ఇంత పొగిడాక కొన్ని ఒప్పుకోవాలి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్ర లైటు మిణుకుమంటుంది, హెడ్‌లైట్లు నీరసపడతాయి. ఐడిల్లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, దానికి రిపేరు లేదు. ఇచ్చినప్పుడైనా గట్టిగా 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, వైపర్, హారన్ దాకా పర్వాలేదు, పెద్ద హాలోజన్లు గానీ ఏసీ గానీ ఆశించొద్దు. డైనమో ఇరుసు తిరిగే వెనక బుష్‌కి అప్పుడప్పుడు రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పోయాలి. పోయకపోతే బుష్ అరిగి ఆర్మేచర్ లోపల రాసుకుంటుంది, అప్పుడు వైండింగ్ షాపు తప్పదు. ఎక్కువ రోజులు విప్పి పెట్టిన డైనమో మళ్లీ బిగించాక కరెంటు పుట్టించకుండా మొండికేయొచ్చు. ఎఫ్ వైరు పీకి, ఆ టెర్మినల్‌కి బ్యాటరీ లైవ్ వైరు ఒక్క క్షణం తాకిస్తే దారిలోకొస్తుంది. ఇవన్నీ తెలిసినవాళ్లు ఆటోనగర్‌లో కూడా తగ్గిపోతున్నారు.

నేను బండి తీసేది ఎక్కువగా పగటిపూట, ఊళ్లోనో గుంటూరు దాకానో. పాత సామాను పాతగానే ఉండాలన్న పట్టుదల కూడా ఉంది. కాబట్టి నాకు డైనమో చాలు. రాత్రిపూట వర్షంలో హైదరాబాద్ వెళ్లే మనిషి అడిగితే మాత్రం ఆల్టర్నేటరే పెట్టించమంటాను. అయితే ఆ డబ్బు ఇచ్చేముందు డి, ఎఫ్ కలిపి ఒకసారి ముల్లు చూసుకోమంటాను.