గేర్‌బాక్సు దించాలన్న లీకు ట్యాపెట్ కవర్ దగ్గర దొరికింది

మా 2004 నాటి మారుతి 800లో సింథటిక్ ఆయిల్ పోయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదటి ఆరు నెలలూ ఆఫీసులో పాత కారున్న ప్రతి ఒక్కరికీ మీరూ మార్చండని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. కానీ ముందు లీకు సంగతి చెప్పాలి. ఏడాది పాటు నేను ఆయిల్‌నే నిందించాను. తప్పు దానిది కాదు.

అంతకు ముందంతా వాడింది 20డబ్ల్యు-50 మినరల్ ఆయిలే. తిరుపతిలో దుకాణంవాళ్లు చెప్పారని 5డబ్ల్యు-30 పూర్తి సింథటిక్‌కు మారాను. ఈ పేర్లలో డబ్ల్యుకు ముందున్న అంకె చలిలో నూనె ఎంత పలచగా ఉంటుందో, చివరి అంకె వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది; అంకె తగ్గేకొద్దీ పలచన. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగంలో వాల్వులను కదిపే ట్యాపెట్ల టకటక మునుపు వీధి మలుపు దాకా వినిపించేది. మారాక గేటు దాటకముందే అణిగిపోయేది. ఆ నిశ్శబ్దానికే మురిసిపోయాను.

రెండో నెలలో వాకిట్లో నూనె మచ్చ కనబడింది. మొదట రూపాయి బిళ్లంత, తర్వాత అరచేయంత. ముగ్గుపిండి ఆ నూనెను పీల్చి బూడిదరంగు ముద్దగా మారుతుంటే అమ్మ ఏమీ అనకుండా పక్కకు జరిగి ముగ్గు వేసుకునేది. ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

రేణిగుంట రోడ్డులోని ఒక షెడ్డులో కారు పైకెత్తి, ఇంజన్, గేర్‌బాక్సు కలిసే చోట తడి చూపించారు. “క్రాంకు వెనక సీలు పోయింది సార్. సింథటిక్ పోస్తే పాత బండ్లకు ఇంతే” అన్నారు. క్రాంకు అనే ఇంజన్ ఇరుసు చుట్టూ నూనె కారకుండా ఆపే రబ్బరు వలయమది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలట, 8,000 రూపాయలట. అప్పటికి లీకు ఆపే మందు ఒక సీసా పోసి పంపారు. అది గట్టిపడిన రబ్బరును కాస్త మెత్తబరిచి ఉబ్బిస్తుంది. నెల రోజులు మచ్చ తగ్గింది, మళ్లీ మొదలైంది.

ఆ మే నెలలో నలుగురం తిరుమల వెళ్లాం. రెండో ఘాట్ రోడ్డు ఎక్కి కొండమీద ఒక పక్కకు ఆపుతుండగా ఎర్రటి ఆయిల్ దీపం మినుకుమినుకుమంది. వెంటనే ఇంజన్ ఆపేశాను. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, ముంచి చూస్తే నూనె కింది గీతను కూడా తాకలేదు. ఆ కడ్డీ చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు కలిగిన భయం ఇంకా గుర్తుంది. కారులో ఉన్నది అమ్మానాన్నలు. ఆయిల్ కొనితెచ్చి పోసుకున్నాకే దిగాం.

తర్వాతి వారం పని మీద చిత్తూరు వెళ్లినప్పుడు బంధువు చెప్పిన ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన కింద చూడలేదు, బానెట్ ఎత్తారు. “ఏదీ దించవద్దు. ముందు కడిగి చూద్దాం” అన్నారు. కిరోసిన్‌తో ఇంజన్ కడిగించి, ఆరనిచ్చి, మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి అంతటా చల్లారు. కాణిపాకం దాకా నడిపి తిరిగి రమ్మన్నారు.

తిరిగొచ్చి చూస్తే ఇంజన్ పై మూత, అంటే ట్యాపెట్ కవర్, వెనక మూల నుంచి తెల్లటి పౌడరులో సన్నటి గోధుమరంగు గీత. ఇంజన్ వీపు మీదుగా జారి సరిగ్గా గేర్‌బాక్సు అతుకు మీదకు దిగింది. క్రాంకు సీలు చుట్టూ పౌడరు పొడిగానే ఉంది! కవర్ విప్పి దాని కింద నూనె ఆపే రబ్బరు ప్యాకింగు లాగితే ఎండిన చింతకాయ తొక్కలా పెటపెటమని విరిగింది. కొత్తదానికి రెండు వందలైనా కాలేదు.

నా ఆనందం మూడు నెలలే నిలిచింది. అదే మూల మళ్లీ చెమ్మగిల్లింది. ఈసారి ఆయన ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూపించారు. గుప్పుగుప్పున పొగ తోసుకొచ్చింది. లోపలి ఆవిరిని బయటకు లాగాల్సిన పీసీవీ వాల్వు మడ్డితో బిగుసుకుపోయింది. బాగున్న వాల్వును ఊపితే గిలక్కాయలా చప్పుడు చేయాలి. మాది మూగగా ఉంది. లోపలి ఒత్తిడికి దారి లేక కొత్త ప్యాకింగునే తోసుకుని నూనె బయటపడింది. వాల్వు మార్చాక ఆ మూల ఆరిపోయింది.

ఆయన చెప్పినదాన్ని బట్టి, తర్వాత నేను చదివినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. 100 డిగ్రీల వేడిలో 50 గ్రేడు చిక్కదనం కనీసం 16.3 సెంటీస్టోక్సు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) ఉండాలి. 30 గ్రేడుది 12.5 కంటే తక్కువే. చిక్కటి నూనె దాటలేని పగుళ్లను పలచటిది దాటింది. పగుళ్లు ముందునుంచీ ఉన్నవే, దానికి సింథటిక్‌ను తిట్టడం అన్యాయం.

అయినా 5డబ్ల్యు-30కి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు పోస్తున్నది 10డబ్ల్యు-40 సింథటిక్. పొద్దుటి చప్పుడు అప్పటికంటే కాస్త ఎక్కువసేపు ఉంటుంది. మైలేజీలో నాకు తేడా తెలియలేదు. గడ్డకట్టే చలి లేని మా ఊళ్లో 5డబ్ల్యుకు అంత డబ్బు పెట్టాలా అన్న సందేహమూ ఉంది. పైగా నేను ఏడాదికి 5,000 కిలోమీటర్లకు మించి తిరగను, నూనె ఎలాగూ ఏడాదికోసారి మారుస్తాను, కాబట్టి ఎక్కువకాలం మన్నుతుందన్న లాభం నాకు అందదు. రోజూ చిత్తూరు వెళ్లివచ్చేవారి లెక్క వేరు. మీ కారు నీలం పొగ వదులుతుంటే నా అనుభవం మీకు పనికిరాదు, అక్కడ నూనె కారడం లేదు, కాలుతోంది.

పోయిన ఆదివారం మళ్లీ పౌడరు చల్లి చూశాను. వెనక మూల పొడిగా ఉంది. కింద డ్రెయిన్ ప్లగ్గు దగ్గర మాత్రం ఒక చుక్క వేలాడుతోంది. ఈసారి నూనె మార్చేటప్పుడు వాషరు కూడా కొత్తది వేయించాలి.