పాప రాగిపిండి పట్టించడానికి మా మార్కెట్ గిర్ని

హనుమకొండలో మేముండే కాలనీ కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక పిండి గిర్ని ఉంది. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, అందరూ మార్కెట్ గిర్ని అనే అంటారు. ఆరు నెలలు నిండిన పిల్లలకు రాగిపిండి ఎక్కడ పట్టించాలని ఎవరు అడిగినా నేను ఇక్కడికే వెళ్లమంటాను. రేటు తక్కువని కాదు. మన డబ్బాలో ఉన్న గింజలు తప్ప వేరేది పిల్ల నోట్లోకి పోకూడదని పట్టించుకునే మనిషి అక్కడున్నాడు.

గిర్నిలో అసలు సమస్య మనకంటే ముందు పట్టిన సరుకే. రాళ్ల మధ్యన, పిండి పడే గుడ్డ గొట్టంలో ఎప్పుడూ ఎంతో కొంత మిగిలే ఉంటుంది. మన జొన్నరొట్టెలో కాస్త గోధుమపిండి కలిస్తే మనలో చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇప్పుడిప్పుడే తిండి మొదలుపెట్టిన పిల్ల సంగతి వేరు. కొత్తది ఏదైనా ఒక్కటే పెట్టి, మూడు నాలుగు రోజులు దద్దుర్లు, వాంతులు, విరేచనాలు లేవని చూసుకున్నాకే ఇంకోటి మొదలుపెట్టమంది మా పిల్లల డాక్టర్. రాగుల్లో గోధుమో శనగో కలిస్తే పాపకు ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? ఇంకోచోట అయితే కారం పట్టిన మరలోనే మా రాగులు పోయబోయారు. డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఇక్కడ కారానికి, పసుపుకు మర వేరే ఉంది, అదీ గోడకు అవతల. డబ్బా చూడగానే గిర్నాయన అడిగిన మాట, "చిన్నబిడ్డకా సార్? గట్లయితే పొద్దుగాల రాండ్రి. బియ్యం పట్టినంక మీదే పోస్త." అన్నట్టే బియ్యం తర్వాత మా రాగులు పోశాడు. ముందు వచ్చిన రెండు గుప్పెళ్ల పిండి పక్కకు తీసేసి, తర్వాతది మా డబ్బాలో పట్టాడు. మా పాప బియ్యం ఉగ్గు అప్పటికే తింటోంది కాబట్టి కాస్త బియ్యప్పిండి కలిసినా మాకు టెన్షన్ లేదు. ఇంకోసారి వెళ్తే, "నిన్ననే రాళ్లకు కక్కు కొట్టిచ్చిన, ఇసుక తగుల్తది, నాలుగొద్దులు ఆగి తేండ్రి" అని తిప్పి పంపాడు. కక్కు కొట్టడమంటే అరిగిన గిర్ని రాళ్లకు ఉలితో మళ్లీ గరుకు పెట్టడం. చేతికొచ్చిన బేరం వదులుకుని ఆ మాట చెప్పాడు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

అయితే గిర్ని ఎంత మంచిదైనా గింజలు సరిగ్గా తయారు చేసి తీసుకెళ్లాలి. మా అత్తమ్మ పద్ధతి ఇది. రాగులు ఇసుక పోయేదాకా గాలించి రాత్రంతా నానబెడుతుంది. నీళ్లు వంపేసి పల్చటి గుడ్డలో మూట కట్టి, ఆరకుండా మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తుంది. తెల్లగా మొలక కనబడగానే నీడలో ఆరబోస్తుంది. పూర్తిగా ఎండాక చేతులతో నలిపితే మొలకలు రాలిపోతాయి, వాటిని చెరిగేసి సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తుంది. ఇంత శ్రమ దేనికంటే, మొలకెత్తిన గింజలో పిండిపదార్థం కొంత విరుగుతుంది. అందుకే జావ మరీ ముద్ద కట్టదు, అన్నే నీళ్లలో ఎక్కువ పిండి పడుతుంది. చిన్న పొట్టలో నీళ్లకు బదులు తిండి పోతుంది. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మొలకెత్తితే అది ఒంటికి ఇంకాస్త బాగా పడుతుంది. ఇంట్లో ఎండ లేని వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, సరిగ్గా ఎండని గింజకు బూజు పడుతుంది.

గిర్నిలో నచ్చనివీ ఉన్నాయి. కిలోకు తక్కువైతే పట్టరు, చిన్నపిల్లకు కిలో పిండి చాలా ఎక్కువ. మేము పక్కింటివాళ్లతో కలిసి పట్టించి పంచుకుంటున్నాం. పిండి చెయ్యి కాలేంత వేడిగా వస్తుంది. ఇంటికి రాగానే పళ్లెంలో పరిచి చల్లార్చకపోతే డబ్బాలో చెమ్మ పట్టి పాడవుతుంది. ఎంత మెత్తగా పట్టమన్నా పొట్టు కొంచెం ఉంటుంది, పల్చటి గుడ్డలో జల్లించాల్సిందే.

మొదటి వారాలకు మాత్రం గిర్ని అవసరమే లేదు. ముందు బియ్యం ఒక్కటే పెట్టి చూసి, అది పడ్డాక మూడు పాళ్ల బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి మిక్సీ చిన్న జార్‌లో రవ్వ పట్టుకుంటే ఉగ్గుకు చాలు. రాగిపిండి అయినా, ఉగ్గు అయినా ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉడికించండి. చెంచా వంచితే నీళ్లలా జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. దించాక అర చెంచా నెయ్యి. ఉప్పు, చక్కెర, బెల్లం వద్దు, ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు. పిండి ఒక్కటే సరిపోతుందని కూడా అనుకోవద్దు. ఆరు నెలలు దాటాక పిల్లల ఒంట్లో పుట్టుకతో వచ్చిన ఇనుము తగ్గిపోతుంది, పప్పు, ఆకుకూర, బాగా ఉడికిన గుడ్డు, తినేవాళ్లయితే మెత్తగా చేసిన మాంసం కూడా ఒక్కొక్కటిగా అలవాటు చేయాలి.

రాగులకు మా దగ్గర కిలోకు 20 రూపాయలు తీసుకున్నాడు. పొద్దున షట్టర్ తీయగానే వెళ్లండి, పదకొండు దాటితే గోధుమల సంచులు వరుస కడతాయి. ముందు ఏ సరుకు పట్టాడో మీరూ ఒకసారి అడగండి, ఆయన ఏమీ అనుకోడు.