బొంత మీద తిన్నని గీత: లాకా, రూలరా?

నరసాపురం వైపు పాత నూలు చీరల బొంతలను, ఫ్రేముకు బిగించిన బట్టపై చక్రాల మీద కదిలే పెద్ద కుట్టు యంత్రమైన లాంగ్‌ఆర్మ్ మెషిన్‌పై కుట్టాలంటే, తిన్నని గీతకు రెండు దారులు. ఛానెల్ లాక్ వేస్తే చక్రాలు ఒక దిశలోనే కదులుతాయి. అడ్డగీత ఈ చివర నుంచి ఆ చివరకు చకచకా పడిపోతుంది. ఏటవాలు గీతల ఊసే వద్దు. పైగా ఫ్రేముపై బొంత కాస్త వంకరగా బిగిసినా, అతుకు పక్కన ఆ గీత వెక్కిరిస్తుంది. చీర బొంతల్లో అతుకులు సమంగా ఉండేది ఎక్కడ?

అందుకే నా మొగ్గు రూలర్‌కే. మందపాటి యాక్రిలిక్ పట్టీని బట్టపై అదిమిపట్టి, మెషిన్ పాదాన్ని దాని అంచు వెంట నడపాలి. సూదికీ పాదం అంచుకీ మధ్య సాధారణంగా పావు అంగుళం ఉంటుంది. పట్టీని గీతకు అంత ఎడంగా పెట్టాలి. పని నిదానం, మణికట్టుకు శ్రమ. కానీ అతుకు ఎటు తిరిగితే అటు కుట్టవచ్చు. పొడవాటి అడ్డగీతలే కావాలంటే మాత్రం లాకే నయం.