మ్యాక్, విండోస్: ఎవరికి ఎవరు అవసరం?

మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ అనగానే మనకి వాళ్ల విండోసే గుర్తొస్తుంది. కానీ అది మొదట వచ్చింది 1985లో, ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ మీద. విండోస్‌కి 1987లో గానీ రాలేదు. పవర్‌పాయింట్ కూడా మ్యాక్ మీద పుట్టిందే.

అంటే మైక్రోసాఫ్ట్‌కి మ్యాక్ ఒక మంచి అంగడి. విండోస్ తమ తెర రూపాన్ని కాపీ కొట్టిందని 1988లో ఆపిల్ కోర్టుకెక్కినా, మ్యాక్ మీద వర్డ్, ఎక్సెల్ అమ్మకాలు ఆగలేదు.

ఆపిల్ అవసరం ఇంకా పెద్దది. 1997లో ఆ కంపెనీ దివాలా అంచున ఉంటే, మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెట్టి ఓటు హక్కు లేని షేర్లు కొంది. నా లెక్కలో డబ్బు కంటే విలువైంది, ఐదేళ్లపాటు మ్యాక్‌కి ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ వగైరా కలిపిన ప్యాకేజీ) తెస్తామన్న మాట. వర్డ్, ఎక్సెల్ లేని కంప్యూటర్‌ని ఏ కంపెనీ కొంటుంది? ఈ ఒప్పందం ప్రకటించిన బాస్టన్ సభలో పెద్ద తెర మీద బిల్ గేట్స్ కనిపించగానే ఆపిల్ అభిమానులు గేలి చేశారు, ఆదుకోవడానికి వచ్చినవాణ్ణి!

తర్వాత బళ్లు ఓడలయ్యాయి. 2003లో ఆపిల్ తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌ని విండోస్‌కి ఇచ్చాక, దాని పాటల ప్లేయర్ ఐపాడ్‌కి అసలు మార్కెట్ దొరికింది. 2014లో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన రెండు నెలల్లోపే ఐప్యాడ్‌కి ఆఫీస్ వచ్చింది. ఈసారి కొనేవాళ్ల కోసం ఆపిల్ గడప తొక్కింది మైక్రోసాఫ్టే.